మూడు వందల పది

బిల్లు మూడో పేజీలో ఆ బ్యాచ్ నంబరు కంటపడినప్పటి నుంచి నా చెవులు కాలిపోతున్నాయి. బయట మే నెల ఎండ ఉంది, లోపల డిశ్చార్జి కౌంటరు ముందు యాభై మంది ఊపిరి ఉంది, పైన ఫ్యాను ఉన్న వేడినే తిప్పి తిప్పి మొహాన కొడుతోంది, అయినా ఇది ఆ వేడి కాదు. ఆ నంబరు నాకు తెలుసు. చివర మూడు రెండు ఒకటి ఏడు. పోయిన నెల పదహారో తారీఖు పొద్దున, ఇంకా టీ తాగకముందు, నా వేళ్లే దాన్ని కంప్యూటర్లో కొట్టాయి. యాంటీబయోటిక్ ఇంజక్షను, రెండు వందల వయల్స్, ఒక్కోదానికి మూడు వందల పది రూపాయలు, కొన్నది ఇదే ఆసుపత్రి. ఇప్పుడు నా చేతిలోని కాగితంలో అదే ఇంజక్షను, అదే బ్యాచ్, పక్కన రెండు వేల తొమ్మిది వందలు. రోజుకు మూడు చొప్పున ఏడు రోజులు, ఇరవై ఒకటి. అరవై వేల తొమ్మిది వందలు. మళ్లీ చదివాను. అచ్చుతప్పు కాదు. పదకొండేళ్లుగా అంకెలు కొట్టి బతుకుతున్నదాన్ని, అచ్చుతప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది ఎక్కడా చెయ్యి వణకకుండా కొట్టిన అంకె.

పక్క కుర్చీలో మా అక్క భారతి టిఫిన్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. డబ్బాలో అన్నం లేదు, నలభై వేలు ఉన్నాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని ఆమెది. వచ్చే సీజను కూలీ అంతా ఇప్పుడే అడిగి తెచ్చుకుంది, అంటే వచ్చే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఘాటులో దగ్గుకుంటూ తీయబోయే ప్రతి తొడిమా ఇప్పటికే ఈ కౌంటరుకు అమ్ముడుపోయింది. నా సంచిలో ఇరవై వేలు ఉన్నాయి. రెండూ కలిస్తే అరవై. ఇంకా తొమ్మిది వందలు తక్కువ. అక్క దిగులంతా ఆ తొమ్మిది వందల గురించే. నర్సు మొత్తం ఎంతో నోటితో చెప్పినప్పటి నుంచి మూడుసార్లు అడిగింది, పక్కవాళ్లు వింటే సిగ్గన్నట్టు గొంతు తగ్గించి. "ఆ తొమ్మిది నూర్లు ఇడుస్తరా వినోదా? నువ్వు సదువుకున్నదానివి, జర మంచిగ అడుగు." అడుగుతానన్నాను. అప్పటికి బిల్లు చేతికి రాలేదు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే పళ్లు నూరుకోవాలనిపిస్తోంది. తొమ్మిది వందలు కాదే అక్కా, యాభై నాలుగు వేలు అడగాలి మనం, గల్లా పట్టుకుని అడగాలి అని అరవాలని ఉంది. అరవలేదు. నేను పనిచేసే మందుల ఏజెన్సీ దగ్గర కొనే పార్టీల్లో ఈ ఆసుపత్రే అన్నిటికన్నా పెద్దది. నా జీతం ఈ కౌంటరు అద్దం వెనక నుంచే వస్తుందన్నా తప్పులేదు.

కాశిబుగ్గలో మా గల్లీవాళ్లకు నేను మందుల వినోదను. రాజేశ్వర్ రావు సార్ ఏజెన్సీలో బిల్లింగ్ చూస్తాను. కంపెనీల నుంచి మందులు మాకు వస్తాయి, మా దగ్గర నుంచి మెడికల్ షాపులకూ ఆసుపత్రులకూ పోతాయి. స్క్రీను మీద ఒకే వరుసలో రెండు గడులుంటాయి, డబ్బా మీద అచ్చయిన ధర ఒకటి, మేము అమ్మే రేటు ఒకటి. కొన్ని మందులకు ఆ రెంటి మధ్య తేడా షాపువాడు బతకడానికి సరిపడా ఉంటుంది. కొన్నిటికి పదింతలు. చేరిన మొదటి నెలలో ఆశ్చర్యపోయాను. రెండో నెలలో మధ్యాహ్నం అన్నం తింటూ పక్క సీటు పిల్లతో చెప్పి నవ్వాను. మూడో నెల నుంచి కనబడడం మానేసింది. ఆ తేడాలో ఎవరో మనిషి మంచం మీద పడి ఉంటాడన్నది తట్టలేదని అంటే అబద్ధం, తట్టింది, కానీ ఆ మనిషికి మొహం లేదు. ఇవాళ ఉంది. పైన రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, గడ్డం మాసిపోయి, సారయ్య బావ మొహం.

బావ మార్కెట్లో హమాలీ. ఏప్రిల్‌లో లారీకి వేసిన చెక్క మీద మిర్చి బస్తాతో జారాడు. తను ముందు పడ్డాడు, బస్తా తర్వాత కాలి మీద పడింది. కట్టె విరిగినట్టు చప్పుడైందని తోటి హమాలీలు చెప్పారు. సర్కారు ఆరోగ్య కార్డు మీద ఇక్కడే ఎముకలో రాడ్డు వేశారు, పైసా అడగలేదు, అక్క డాక్టరు కాళ్ల మీద పడబోతే ఆయనే వెనక్కి జరిగాడు. ఎనిమిదో రోజున కుట్ల దగ్గర చీము పట్టింది. మంచం, కట్లు కార్డు మీదే పోతాయి కానీ, తర్వాత వచ్చిన ఇన్ఫెక్షనుకు మందు ఆ ప్యాకేజీలో రాదన్నారు. కార్డు డెస్కులో కూర్చునే అమ్మాయిని పోయి అడిగాను, నిజంగానే రాదా అని. ఆ పిల్ల కళ్లు టేబులు మీదికి దించుకుని, పైవాళ్లను అడగండి మేడమ్ అంది. నిజమైతే కళ్లెందుకు దించుకోవాలి? అప్పుడే గట్టిగా నిలదీయాల్సింది. అరపూట సెలవు అయిపోతోందని వచ్చేశాను. ఏజెన్సీకి వచ్చి, సీట్లో కూర్చుని, బహుశా ఆ సాయంత్రం కూడా ఈ ఆసుపత్రికే ఏదో బిల్లు కొట్టి ఉంటాను. ఏం మందు వాడుతున్నారో అడగాలని కూడా నాకు తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా. ఆ ఇంజక్షను పేరు వింటే ఏం గుర్తొస్తుందో నాకు ముందే తెలుసు కదా.

మూడేళ్ల కింద ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. సార్ కరీంనగర్‌లో పెళ్లికి పోయారు. ఈ ఆసుపత్రిలో కొనుగోళ్లూ బిల్లింగూ చూసే చంద్రమౌళి ఫోన్ చేశాడు. మీరు పంపే ఇంజక్షను బాగానే ఉంది కానీ డబ్బా మీద ధర తొమ్మిది వందలే ఉందమ్మా, మా సార్లకు సరిపోవడం లేదు, ఇదే మందు పెద్ద ఎమ్మార్పీతో వేరే కంపెనీది ఏదైనా చూడండి అన్నాడు. కూరగాయలు తాజావి చూడమన్నంత మామూలుగా అన్నాడు. నేను కూడా అంత మామూలుగానే చూశాను. కంపెనీల ధరల లిస్టులు ముందేసుకుని, ధరను బట్టి పైనుంచి కిందికి పేర్చి, ఎప్పుడూ పేరు వినని ఒక కంపెనీ వయల్ పట్టుకున్నాను. డబ్బా మీద రెండు వేల తొమ్మిది వందలు, మాకు పడేది రెండు వందల ఎనభై. లోపల ఉన్న పొడి అదే, ఒక గ్రాము. అప్పుడు నాకు కలిగింది సంతోషం. దాచుకోవడం ఎందుకు, సంతోషమే. చిక్కు లెక్కకు జవాబు దొరికిన పిల్లలా ఉబ్బిపోయాను. సార్ పెళ్లి నుంచి వచ్చి, నువ్వు మామూలు మనిషివి కాదమ్మా అన్నారు. దసరాకు అందరికీ ఇచ్చేదానికన్నా నాకు ఐదు వేలు ఎక్కువ ఇచ్చారు. దాంతో అక్క కూతురు కావ్యకు వెండి పట్టీలు కొన్నాను. అది ఇల్లంతా గల్లుగల్లున తిరుగుతుంటే బావ నవ్వుతూ, మీ చిన్నమ్మ పెద్ద ఆఫీసరే అన్నాడు. ఆ రోజు అన్నంలో మటన్ ఉంది. అక్క నా పళ్లెంలో రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

ఎవరి మీద కోపమో ముందు తేల్చుకోవాలి. ఇలా అందరి మీదా ఒకేసారి లేస్తే ఒక్కరి మీదా నిలబడదు. సార్ మీదా? ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. ధర మనం పెట్టలేదమ్మా, కంపెనీ కొట్టింది, డబ్బా మీద ఉన్నదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ ఎవరు తీసుకున్నా నేనే పోయి కేసు పెడతా అంటారు. నిజంగా పెడతారు కూడా. ఆ ఒక్క రూపాయి దగ్గర ఆయనంత నిజాయితీపరుడు వరంగల్‌లో ఉండడు. కంపెనీని అడిగితే ఆసుపత్రులు అడిగాయి కాబట్టి కొట్టామంటుంది. ఆసుపత్రిని అడిగితే కార్డు మీద సర్కారు ఇచ్చే డబ్బు చాలదు, అదీ నెలల తరబడి రాదు, ఇక్కడ రాబట్టుకోకపోతే ఎక్కడ రాబట్టుకుంటామంటుంది. అందరి దగ్గరా కారణం ఉంది. కారణం లేనిది టిఫిన్ డబ్బా పట్టుకున్న ఈ ఒక్క మనిషి దగ్గరే. ఆమె చెంగుతో మెడ తుడుచుకుంటోంది. కళ్లు మాత్రం తుడుచుకోదు, ఎన్నిసార్లు కడిగినా వేళ్లకు కారం పోదు, అలవాటైపోయింది. ఎదురుగా గోడ మీద టీవీలో ఈ ఆసుపత్రి పెద్ద డాక్టరు చేతులు జోడించి మీ ఆరోగ్యమే మా ధ్యేయం అంటున్నాడు. ఐదు నిమిషాలకోసారి అంటున్నాడు. దాని మీదికి విసరడానికి చేతిలో బిల్లు తప్ప ఏమీ లేదు.

వెనక వరుసలోంచి ఎవరో నా భుజం మీద మెల్లగా తట్టారు. ముప్ఫై ఏళ్లుంటాయి, తెల్ల దుపట్టా తల మీదికి కప్పుకున్న అమ్మాయి. "అక్కా, అప్పటి సంది బిల్లు సదువుతనే ఉన్నరు. మీకు గీ లెక్కలు తెలుస్తయా?" పేరు ఫౌజియా అంది, కాజీపేటలో ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుందట. వాళ్ల నాన్న నబీ ధర్మసాగర్‌లో రైతుల కాలిపోయిన మోటార్లకు వైండింగు చేస్తాడు. షుగరుతో కాలి వేలు పాడైతే తీసేశారు. ఆమె బిల్లు చూశాను. అదే ఇంజక్షను, అదే బ్యాచ్, పద్నాలుగు రోజులకు నలభై రెండు. బడివాళ్లు కట్టే ఇన్సూరెన్సులో నాన్నను కూడా చేర్పించుకుంది. ఆ కంపెనీవాళ్లు ఒక్కో వయల్‌కు తొమ్మిది వందలే న్యాయమైన ధర అని రాసి అంతే ఇచ్చారట. మిగతా ఎనభై నాలుగు వేలు ఆమెను కట్టమంటున్నారు. "అంటే అసలు ధర ఇన్సూరెన్సోళ్లకు తెల్సు. దవాఖానోళ్లకు తెల్సు. తెల్వనిది నాకొక్కదానికే" అంది. గొంతులో ఏడుపు లేదు. బోర్డు మీద లెక్క తప్పు చేసిన పిల్లాడిని చూస్తున్నట్టు కాగితాన్ని చూస్తోంది. ఇన్సూరెన్సువాళ్లకు కూడా తెలియదమ్మా అనాలి నేను. నాకు తెలుసు అనాలి. కూడికలూ హెచ్చవేతలూ ఒకసారి చూసి, లెక్క సరిగానే ఉంది అన్నాను. నిజంగానే సరిగా ఉంది. ఎక్కడా ఒక్క పైసా తేడా లేదు. అది చెప్పి ముందుకు తిరిగి కూర్చున్నాను, మెడ వెనక ఆమె చూపు అలాగే ఉంది.

మా నంబరు పిలిచారు. అద్దం వెనక కూర్చున్నతను కాగితం తీసుకుంటూ ఎంత కడుతున్నారని అడిగాడు. అడిగింది ఆ గొంతే. మూడేళ్లుగా రోజూ ఫోన్లో వింటున్న చంద్రమౌళి గొంతు. మనిషిని చూడడం ఇదే మొదలు, బక్కగా, నుదుట కుంకుమ, చొక్కా జేబులో రెండు పెన్నులు, మా గల్లీలో ఎవరి అన్నో అన్నట్టున్నాడు. తొమ్మిది వందల సంగతి అడగమని అక్క మోచేత్తో పొడుస్తోంది. కొంచెం తగ్గించండి సార్ అన్నాను. అతను తలెత్తాడు. నాది కూడా అతనికి గొంతే కదా. ఏజెన్సీ వినోద గారా అన్నాడు. అవునన్నాను, మా బావ అన్నాను. అతని మొహం నిజంగా నొచ్చుకుంది, అదే నాకు మింగుడు పడలేదు. "ముందుగాల చెప్పొద్దా మేడమ్? మన మనిషి దగ్గర గిట్ల తీసుకుంటమా" అని, ఏ కాగితమూ చూడకుండా, ఎవరినీ అడగకుండా, అరవై వేల తొమ్మిది వందలు కొట్టేసి ఆరు వేల ఐదు వందల పది అని కొట్టాడు. ఒక్కోదానికి మూడు వందల పది, నోటికి ఉంది ఆ రేటు. తర్వాత అద్దం కిటికీలోకి వంగి, బయట అనకుండ్రి అన్నాడు. నేను థాంక్స్ సార్ అన్నాను. నా నోరే అంది. ఆ మాటను వెనక్కి లాక్కుని వాడి మొహాన కొట్టాలనుకునేలోపు రసీదు మీద ముద్ర పడింది.

నా ఇరవై వేలు కూడా డబ్బాలోనే వేసుకున్న అక్క, ఆరు వేల ఐదు వందలు లెక్కపెట్టి, పది రూపాయల నోటు విడిగా వెతికి ఇచ్చి, మిగిలిన కట్టల వైపు నమ్మలేనట్టు చూసింది. తర్వాత అద్దం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. చంద్రమౌళి దేవుడిలా చెయ్యి ఎత్తాడు. బతుకంతా మోసపోయినవాళ్లు దండం పెడుతుంటే చూడడం కన్నా నీచం ఇంకోటి లేదు, అందులో ఆ మోసం నీ చేత్తో కొట్టిందైతే. మా చెల్లె వల్లనే అని అక్క ఇద్దరు ముగ్గురికి చెప్పింది కూడా. నా వల్లనే. బావను చక్రాల కుర్చీలో దించారు. చిక్కిపోయాడు కానీ నవ్వుతున్నాడు, కట్టు పొడిగా ఉంది. ఆటోలో అడ్డంగా కూర్చోబెట్టి, కాలు కింద దిండు పెడుతుంటే నా తల మీద చెయ్యి వేసి, "పిరం మందు గదా వినోదా, గంత ధర పెట్టినందుకే గింత జల్ది మానింది" అన్నాడు. నేను దిండు సరిచేశాను. మళ్లీ సరిచేశాను. ఫైలు మరిచిపోయాను, తెస్తానని అక్కతో చెప్పి లోపలికి నడిచాను. ఫైలు నా సంచిలోనే ఉంది.

ఫౌజియా కౌంటరు ముందు నిలబడి ఫోన్లో డబ్బు పంపడానికి అంకెలు నొక్కుతోంది. ఎనిమిది, నాలుగు, సున్నా. ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆగు తల్లీ అన్నాను. "మూడు వందల పది. ఒక్కొక్క ఇంజక్షను వీళ్లు మా దగ్గర మూడు వందల పదికి కొన్నరు. ఆ బిల్లు కొట్టింది నేనే. గింత ధర ఉన్న డబ్బా ఏరి పెట్టింది గూడ నేనే." నా గొంతు నేననుకున్నంత చిన్నగా రాలేదు. వరుసలో మాటలు ఆగిపోయాయి. అద్దం వెనక చంద్రమౌళి లేచి నిలబడ్డాడు, మేడమ్ మేడమ్ అంటున్నాడు, అప్పుడే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫౌజియా లెక్కల టీచరు, ఆమెకు నిమిషం పట్టలేదు. "మీ బిల్లు కట్టుడు అయినంక చెప్తాండ్రా?" అంది. అవునన్నాను. ముద్ర పడేదాకా ఆగాను, బావను ఆటో ఎక్కించేదాకా ఆగాను, అంత కోపంలోనూ లెక్క చూసుకునే ఆగాను. ఆమె ఫోను మూసి, తన బిల్లు వెనక్కి తిప్పి, పెన్నుతో సహా నా ముందు పెట్టింది. "రాసియ్యండి. కన్జ్యూమర్ ఫోరంల కేసేస్తే అచ్చి చెప్పాలె." పేరు రాశాను, ఎక్కడ పనిచేస్తానో రాశాను, రేటు రాశాను, తారీఖు రాశాను, సంతకం చేశాను.

సంతకం చేస్తుండగానే సార్ ఫోను. ఎత్తాను. ఆయన అరవలేదు, ఎప్పుడూ అరవరు. చంద్రమౌళి ఏదో చెబుతున్నాడు, నిజం కాదు కదమ్మా అన్నారు. నిజమే సార్, నేనే చెప్పిన అన్నాను. పదకొండేళ్లు నిన్ను కూతురు లెక్క చూసుకున్నానన్నారు. అదీ నిజమే. ఇంకొక్క నిమిషం వింటే క్షమాపణ చెబుతానని భయమేసి, రేపటి నుంచి రాను సార్ అని పెట్టేశాను. ఒంట్లోని మంట మొదటిసారి ఒక దిక్కుకు తిరిగినట్టు ఉంది. ఎవరో ముసలాయన, తువ్వాల భుజాన, తన బిల్లు నా ముందుకు చాచాడు, నాకు సదువు రాదు బిడ్డా అంటున్నాడు. అతని వెనక ఇంకొకరు, వాళ్ల వెనక బిడ్డనెత్తుకున్న ఆమె. సెక్యూరిటీ అతను దగ్గరికి వచ్చి, ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు చూశాను, తలుపు దగ్గర అక్క ఉంది. ఆటో అతను తొందరపెడుతుంటే నన్ను పిలవడానికి వచ్చినట్టుంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

దగ్గరికి వచ్చింది. "ఎన్నేండ్ల సంది తెలుసు నీకు?" అంది. మూడేళ్లు అన్నాను. ఆమె కొట్టినా బాగుండేది. డబ్బా మూత తీసి, నా ఇరవై వేల కట్ట విడిగా తీసి, పక్కన ఉన్న కుర్చీలో పెట్టింది. "గీ మూడేండ్లు ఎంతమంది నాలెక్క కూసున్నరో" అంది, నాతో కాదు, ఆ కుర్చీలతో అన్నట్టు. డబ్బా మూత బిగించి, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. ఆటో కదిలి పోయిన చప్పుడు విన్నాను. వెంట పరుగెత్తాలని తలుపు వైపు రెండడుగులు వేశాను. ముసలాయన కాగితం చాచి ఇంకా అలాగే నిలబడ్డాడు. తీసుకున్నాను. ఆయన భార్యకు అవే ఇంజక్షన్లు పద్నాలుగు రాశారు. చివరి వరుసలోవాళ్లకు కూడా వినబడేటట్టు చదవడం మొదలుపెట్టాను.